కాశీ బాబాయికి తెలిసిన రోజు

ఏప్రిల్లో కాలువలకి నీళ్ళు కట్టేసిన వారంలోనే లాయరు ఎలిజబెత్ గారు నన్ను ఆ ప్రశ్న అడిగారు.

"మిమ్మల్ని దత్తత ఇచ్చారని మీ బాబాయికి తెలిసిన రోజు ఏదండీ?"

ఆవిడ ఆఫీసు గవర్నరుపేటలో ఒక మందుల షాపు మేడ మీద ఉంది. కిటికీ ఏసీ నుంచి కారే నీళ్ళకి బకెట్ పెట్టారు. అది నిండి పొర్లుతున్నా ఎవరూ చూడటం లేదు. నేను లేచి బకెట్ పక్కకి జరిపి, ఖాళీది పెట్టి వచ్చి కూర్చున్నాను.

నాకే ఆ సంగతి తెలిసిన రోజంటూ ఒకటి లేదు. ఊహ వచ్చేసరికే హనుమయ్యగారు నాన్న, మాణిక్యమ్మగారు అమ్మ. పామర్రు దగ్గర మా ఊళ్ళో ఉండే నాన్న పెద్ద తమ్ముడు, నన్ను కన్న తండ్రి, నాకు బాబాయి. నన్ను కన్న నాంచారమ్మ పిన్ని. పిన్ని కడుపున పుట్టిన పవన్, ఉష నా తమ్ముడూ చెల్లెలూ అన్నది ఎలాగూ నిజమే కనుక వాళ్ళతో చిక్కు లేదు. ఇదంతా ఎవరూ నన్ను కూర్చోబెట్టి చెప్పలేదు. వంటింట్లో ఏ డబ్బాలో ఏముందో తెలిసినట్టు తెలిసింది.

"ఆయన దావాలో ఏం రాశాడో చదివారు కదా," అన్నారు ఎలిజబెత్ గారు.

చదివాను. అన్నదమ్ములు ముగ్గురిలో కాశీ బాబాయి ఆఖరివాడు. ఇప్పుడు మిగిలింది ఆయనొక్కడే. అమ్మ ముందే పోయింది. నాన్న పోయి రెండేళ్ళయింది. సత్యనారాయణపురంలో నాన్న కట్టిన ఇంటిని నా పేరుకి మార్చుకునేదాకా కాశీ బాబాయి ఒక్క మాటా అనలేదు. ఆ తరవాత దావా వేశాడు. హనుమయ్య తన తమ్ముడి కూతుర్ని ఇంట్లో పెట్టుకుని పెంచాడే కానీ దత్తత తీసుకోలేదనీ, దత్తత అనే మాటే తను ఇల్లు నా పేరుకి మారినప్పుడే మొదటిసారి విన్నాననీ రాయించాడు. దత్తత లేకపోతే పిల్లల్లేని అన్న ఇల్లు బతికున్న తమ్ముడికి వెళుతుంది.

"దత్తత జరగలేదని కోర్టు చేత చెప్పించుకోవాలంటే మూడేళ్ళే గడువండీ. దత్తత జరిగిన రోజు నుంచి కాదు, ఆ సంగతి ఆయనకి తెలిసిన రోజు నుంచి. అందుకే మొన్ననే తెలిసిందంటున్నాడు. ఎప్పుడో తెలుసని మనం చూపిస్తే ఆయన దావా గడువు దాటినట్టే."

"తెలుసండీ ఆయనకి. చిన్నప్పుడు నన్ను భుజాన వేసుకుని తిప్పేవాడు."

"అన్న కూతురే కదండీ మీరు. ఏ అన్న కూతురైతే ఏం, భుజాన ఎక్కించుకోవడానికి? ఆయన మిమ్మల్ని పెద్దన్న కూతురని చెప్పిన సందర్భం ఒకటి కావాలి నాకు. అదీ పదిమందిలో."

అటువంటిది ఒకటి ఉంది. నేను మరిచిపోయిన రోజు కాదది. దాన్ని పట్టుకెళ్ళి ఒక లాయరు బల్ల మీద పెట్టాల్సి వస్తుందని మాత్రం అనుకోలేదు.

నా కన్నతండ్రి పోయి తొమ్మిదేళ్ళు. పెద్దకర్మ రోజున ఇంటి ముందు షామియానా వేశారు. మా వైపు ఆ రోజు పోయినవాళ్ళ ఆడపిల్లలకి పుట్టింటివాళ్ళు కొత్త బట్టలు పెడతారు. చాప వేసి ఆడపిల్లల్ని పిలిచారు. ఉష వెళ్ళి కూర్చుంది. నేను కూడా వెళ్ళి దాని పక్కన కూర్చున్నాను. ఆలోచించకుండా కూర్చోలేదు. ఆ ఒక్కరోజుకి ఎవరూ ఏమీ అనరని ఆలోచించే కూర్చున్నాను.

ఊళ్ళో ఏ కార్యం జరిగినా పద్ధతి తప్పకుండా చూసేది కాశీ బాబాయే. చేతుల్లో బట్టలతో వచ్చి నా ముందు ఆగాడు.

"సత్యా, నువ్విక్కడ కాదమ్మా. నువ్వు పెద్దన్నయ్య కూతురివి. ఈ ఇంటాడపిల్ల ఉష ఒక్కతే. లేమ్మా, లేచి మీ అమ్మ పక్కన కూర్చో."

కోపంగా అనలేదు. ఎక్కడో కూర్చోవలసిన పిల్ల తెలియక ఇక్కడ కూర్చుందన్నట్టు, మెత్తగానే అన్నాడు. నేను లేచాను. నేను లేచిన చోట చాప ముడతపడితే వంగి సర్దాడు. గుమ్మం లోపల, గోడకి ఆనుకుని పిన్ని కూర్చుని ఉంది. నా వైపే చూస్తోంది. ఏమీ అనలేదు.

ఇదంతా చెబితే ఎలిజబెత్ గారు కలం కింద పెట్టారు. "ఇంతకంటే ఏం కావాలండీ! ఎవరెవరు విన్నారు?"

"అందరూ."

"అందరూ కోర్టుకి రారు. ఎవరొస్తారు?"

మళ్ళీ ఆవిడే చెప్పారు. "ఇచ్చిన తల్లి వచ్చి చెబితే ఇంకెవరూ అక్కర్లేదు. దత్తత జరిగిందనీ తేలుతుంది, ఆయన అక్కడే ఉన్నాడనీ తేలుతుంది. మీ పిన్నిగారిని తీసుకురండి."

*

ఆ వేసవి ఇంట్లో నేనొక్కదాన్నే. మా వారు హేమసుందర్ ఉద్యోగం అనంతపురానికి మారింది. నెలకి రెండుసార్లు వస్తారు. మా అమ్మాయి కీర్తన గుంటూరులో హాస్టల్లో ఉంది. నాన్న బతికి ఉండగా ఆయన వాకర్ చప్పుడు ఇల్లంతా తిరుగుతూ ఉండేది. ఆ చప్పుడు వంటింటి గుమ్మం దగ్గర ఆగితే కాఫీ అని అర్థం. ఇప్పుడు ఇల్లు ఒకసారి ఊడిస్తే ఊడ్చినట్టే ఉంటోంది. మళ్ళీ మాసే దారి లేదు. ఒక గ్లాసు బియ్యం వండితే రెండు పూటలకీ వస్తోంది.

దావా సంగతి మా వారికి ఫోన్లో చెప్పాను. "నువ్వు చూసుకో సత్యా. మీ వాళ్ళ సంగతులు నీకు తెలిసినంత నాకేం తెలుస్తాయి?" అన్నారు. మళ్ళీ ఆయనే, "ఇల్లు పోతే పోయిందిలే, దిగులు పడకు," అన్నారు. ఓదార్పుగా అన్న మాటే. కానీ ఆయనకి అర్థం కానిదీ అదే. ఇల్లు పోతే అద్దె ఇంట్లో ఉంటాం. కానీ ఈ దావా ఓడిపోతే నేను హనుమయ్యగారి కూతుర్ని కాను, ఆయన ఇంట్లో పెరిగిన మనిషిని. అటు చూస్తే చాప మీద నుంచి లేపేసిన మనిషిని. ఎవరికీ ఏమీ కాకుండా ఈ వయసులో మిగిలిపోవడం ఎలా ఉంటుందో, నాన్న మంచం ఉన్న గదిలో కూర్చుని ఊహించుకుంటూ ఉండేదాన్ని.

మర్నాడు పొద్దున్నే బస్సెక్కాను. ఆధార్ కార్డు చూపిస్తే కండక్టర్ ఆడవాళ్ళకిచ్చే ఉచిత జీరో టికెట్టు కొట్టి ఇచ్చాడు. దారంతా కాలువ ఎండిపోయి, అడుగున పాత చెప్పులూ, ప్లాస్టిక్ బొమ్మలూ బయటపడి ఉన్నాయి. నీళ్ళు ఉన్నన్నాళ్ళూ అందంగానే ఉంటుంది. కంకిపాడు దాటాక మినుము పీకేసిన చేలు నెర్రెలిచ్చి కనపడ్డాయి.

పిన్ని వసారాలో కూర్చుని చేటలో మినుములు చెరుగుతోంది. నన్ను చూసి లేవబోయి, మోకాలు పట్టుకుని మళ్ళీ కూర్చుంది.

"ఇంత ఎండన పడి వచ్చావేందమ్మా? ఫోన్ చేస్తే పవన్ బండేసుకు వచ్చేవాడుగా సెంటర్‌కి."

"ఆటో దొరికింది పిన్నీ."

పక్కింటావిడ గోడ మీదుగా తల పెట్టింది. "ఎవరు నాంచారమ్మా, చుట్టాలా?"

"మా బావగారమ్మాయిలే. బెజవాడ నుంచి."

చేట ఆగలేదు. ఎన్నేళ్ళుగా చెబుతున్న మాటో, మినుములు గాల్లోకి లేచి మళ్ళీ చేటలో పడేలోగా అయిపోయింది.

"ఆఁ, ఆ అమ్మాయా! నిన్న కాశీరావు, ఇయ్యాల ఈ అమ్మాయి. మీ ఇంటికి బాగానే వస్తన్నారే," అని పక్కింటావిడ నవ్వి వెళ్ళిపోయింది.

పిన్ని తల ఎత్తలేదు. కాశీ బాబాయి ఎందుకొచ్చాడని నేను అడగలేదు. ఆయన పొలం మీదుగానే పవన్ వాళ్ళ చేనుకి నీళ్ళు వెళతాయి. రావడంలో వింతేమీ లేదు.

భోజనాల దగ్గర అసలు సంగతి ఎత్తాను. పవన్‌కుమార్ ముందే తల అడ్డంగా ఊపాడు. "మమ్మల్ని ఇందులోకి లాగమాకు అక్కా. ఆయనతో మాటొస్తే రేపు బోదె కాలువకి గండి కొడతాడు. నాట్లప్పుడు ఆయన గుమ్మం దగ్గరకే పోవాలి నేను. ఉష మాత్రం ఏం చెప్పుద్ది? దానికి వాళ్ళాయన ఎంతంటే అంతేగా."

"నేను నిన్ను అడగటం లేదురా. పిన్నిని అడుగుతున్నాను."

పిన్ని మజ్జిగ పోస్తోంది. "నన్నేం అడుగుద్ది ఆ లాయరమ్మ?"

"మీ చేతుల మీదుగా ఇచ్చారా అని అడుగుతారు. కాశీరావుగారు అక్కడే ఉన్నారా అంటారు. అంతే పిన్నీ. అవునంటే చాలు."

మజ్జిగ గిన్నె కింద పెట్టింది.

"నేను రాను."

"భయపడాల్సిందేమీ లేదు. నేను పక్కనే ఉంటాను."

"రానన్నాగా సత్యా."

"ఎందుకు పిన్నీ?"

"ఎందుకేంది? రానంతే." లేచి లోపలికి వెళ్ళిపోయింది. వెళుతూ నా విస్తట్లో ఇంకొంచెం పచ్చడి వేయమని పవన్ భార్యతో చెప్పింది.

సాయంత్రం నన్ను బస్సెక్కించడానికి సెంటర్‌దాకా వస్తానంది. మోకాళ్ళ నొప్పితో వద్దంటే వినలేదు. గొడుగు తెచ్చి, ఎండంతా తన వైపు పడేట్టు నాకు పట్టి నడిచింది. బస్సు కదిలాక కిటికీలోంచి చూస్తే, గొడుగు ముడిచి చంకలో పెట్టుకుని, ఎండలోనే నిలబడి ఉంది.

పెద్దకర్మ రోజున నోరెత్తలేదు. ఇప్పుడూ ఎత్తదు. రెండుసార్లూ కాశీ బాబాయి మాటే నెగ్గింది. విజయవాడ వచ్చేదాకా ఇదే అనుకున్నాను.

*

వేసవి సెలవులకి కోర్టు మూసేలోపే కాశీ బాబాయి సాక్ష్యం వచ్చింది. ముందు దావా వేసినవాళ్ళు చెప్పాలట, మా వంతు తరవాత. పిన్ని రానందని చెబితే ఎలిజబెత్ గారు విసుక్కోలేదు. "సరే, ఉన్నవాళ్ళతోనే చూద్దాం. ఉన్నది మీ కాశీ బాబాయి ఒక్కడేగా," అన్నారు. ఆ పెద్దకర్మ సంగతి మాత్రం మళ్ళీ మొదటి నుంచీ చెప్పించుకున్నారు. ఎవరు పిలిచారు, బట్టలు ఎవరు పట్టుకున్నారు, ఉషకి ఏం చీర పెట్టారు. ఆకుపచ్చ అంచు ఉన్న పసుప్పచ్చ చీర. అదీ చెప్పాను.

కోర్టు వరండాలో కాశీ బాబాయి ఎదురుపడ్డాడు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకున్నాడు, భుజాన కండువా ఉంది. తప్పుకుందామనుకున్నాను కానీ ఆయనే పలకరించాడు.

"ఏమ్మా సత్యా, ఒక్కదానివే వచ్చావా? అల్లుడుగారు రాలా?"

"సెలవు దొరకలేదు బాబాయ్."

"టిఫిన్ చేశావా? నీళ్ళ సీసా తెచ్చుకున్నావా? లోపల ఫ్యాన్లు తిరగట్లేదు, చెమటకి కళ్ళు తిరిగి పడిపోతావు." నవ్వాడు. "మీ లాయరమ్మ గట్టిదంటగా. ముసలాణ్ణి చూసి అడగమని చెప్పు."

"ఇదంతా ఎందుకు బాబాయ్?" అన్నాను. నోట్లోంచి వచ్చేసింది.

ఆయన నవ్వు పోయింది. "ఆ ఇంటికి ఇటుక మోసినవాణ్ణమ్మా నేను. ముగ్గురం కలిసి చేసిన సేద్యంలోంచి లేచింది ఆ ఇల్లు. అన్నయ్య పోయాడు. రేపు నీ తరవాత మీ అత్తోరి పరం. మా ఇంటి పేరు ఆ గేటు మీద ఎన్నాళ్ళుంటుంది?"

ఆయన మాటలో నిజం లేకపోలేదు. ఆ నిజంలో నేను లేను, అంతే.

బోనులో నిలబడ్డాక ఆయన తడబడలేదు. దత్తతా? నాకు తెలియదండి. పెంచుకున్నారనే అనుకున్నాం. ఇదంతా మొన్నీమధ్య విన్నాను. ప్రతి ప్రశ్నకీ ఇదే జవాబు. ఎలిజబెత్ గారు కాసేపు అటూ ఇటూ అడిగి, కాగితాలు మడిచి పెట్టేశారు. అయిపోయిందనుకున్నాను.

"కాశీరావుగారూ, ఊళ్ళో కర్మలూ కార్యాలూ మీరే దగ్గరుండి చేయిస్తారంటగా?"

"అవునండి. ముప్పై ఏళ్ళ నుంచీ. నన్ను అడక్కుండా మా వీధిలో చాప కూడా వెయ్యరు."

"మీ రెండో అన్నయ్యగారి పెద్దకర్మ కూడా మీరే చేయించారా?"

"నేనే."

"ఆడపిల్లలకి బట్టలు పెట్టారా?"

"పెట్టకుండా ఎట్టాగండీ? పద్ధతి కదా."

"ఎవరికి పెట్టారు?"

"ఉష అని, ఆయన కూతురండి."

"ఒక్క ఉషకేనా?"

"ఒక్క ఉషకే."

"సత్యశ్రీ గారు అక్కడే ఉన్నారు కదండీ ఆ రోజు?"

"ఉంది."

"ఆవిడ కూడా ఆ అన్నయ్యగారి కూతురేనని, ఎవరికీ ఇవ్వలేదని మీరే ఇప్పుడు కోర్టుకి చెబుతున్నారు. మరి కన్నకూతురికి బట్టలు పెట్టకుండా కర్మ ఎలా జరిపించారండీ? పాపం, పొరపాటు జరిగిందా?"

ఎలిజబెత్ గారి గొంతులో ఎత్తిపొడుపు లేదు. నిజంగా జాలిపడుతున్నట్టే అడిగారు. నేను కాశీ బాబాయి ముఖం చూస్తున్నాను. 'అవునండి, పొరపాటు జరిగింది' అంటే చాలు, ఆయన దావా నిలుస్తుంది. ఆయన లాయరు కూడా అదే కోరుకుంటున్నట్టు ముందుకు వంగాడు. పక్క బెంచీ మీద మా ఊరివాళ్ళు ఇద్దరు కూర్చుని ఉన్నారు. కాశీ బాబాయి ఒకసారి వాళ్ళ వైపు చూశాడు.

"పొరపాటా?" అన్నాడు. "నా చేతి మీద జరిగిన కార్యంలో పొరపాటు జరగదండీ. కూర్చుంటే నేనే లేపాను ఆ అమ్మాయిని. ఇచ్చేసిన పిల్లకి ఆ చాప మీద ఎట్టా పెడతారండీ బట్టలు?"

జడ్జిగారు టైపిస్టు వైపు తిరిగి, ఆ మాటని నెమ్మదిగా, ముక్క ముక్కగా చెప్పి రాయించారు. కాశీ బాబాయి కండువాతో ముఖం తుడుచుకున్నాడు. ఏం జరిగిందో ఆయనకి అప్పటికీ తెలిసినట్టు లేదు. తన పద్ధతి నిలిచినందుకు కొంచెం తృప్తిగానే ఉన్నాడు.

బయటికి వచ్చాక ఎలిజబెత్ గారు నా చెయ్యి నొక్కారు. "చాలండీ. ఇంక మీ పిన్నిగారితో పనిలేదు." ఆవిడ సంతోషం చూసి నేనూ నవ్వాను. ఆ చాప మీద నుంచి నన్ను లేపినందుకే నా ఇల్లు నిలిచింది. ఆ మాట ఎవరితోనైనా అనాలనిపించింది. ఎవరికి ఫోన్ చేయాలో తోచక, ఎండలోనే ఏలూరు కాలువ వంతెన దాకా నడిచి ఆటో ఎక్కాను.

*

మే నెలంతా కోర్టుకి సెలవులు. కీర్తన వారం రోజులుండి, ఏదో ట్రైనింగ్ అని వెళ్ళిపోయింది. నాన్న మంచం ఎండలో వేసి, నవారు విప్పి, మళ్ళీ అల్లించాను. ఎవరూ పడుకోని మంచానికి నవారు ఎందుకని అల్లినతను అడగలేదు. అందుకు అతనికి మజ్జిగ ఎక్కువిచ్చాను.

కోర్టు తెరిచాక, కాలువలకి నీళ్ళు వదిలిన రోజుల్లోనే తీర్పు వచ్చింది. ఎలిజబెత్ గారు ఫోన్ చేశారు. "కొట్టేశారండీ దావా! తొమ్మిదేళ్ళ కిందటే ఆయనకి తెలుసు కాబట్టి గడువు దాటిపోయిందన్నారు."

"నేను నాన్న కూతుర్నేనని రాశారా అండీ?"

"దాని లోతుకి పోనక్కర్లేదన్నారండీ. అడగాల్సిన రోజుల్లో ఆయన అడగలేదు, ఇంక అడగడానికి లేదు. మనకి కావలసింది అదేగా?"

"అదేనండీ," అన్నాను.

పాలు పొంగు మీదికి వచ్చాయి. స్టవ్ తగ్గించి అక్కడే నిలబడ్డాను. అవునని ఎవరూ అనలేదు. కాదని అనడానికి ఇంక ఎవరికీ వీల్లేదన్నారు. అంతవరకే.

ఆ సాయంత్రం పిన్ని ఫోన్ చేసింది. తనంతట తను ఎప్పుడూ చెయ్యదు. పవన్ చేత నొక్కించినట్టుంది.

"గెలిచావంటగా?"

"ఆ పిన్నీ."

"మంచిది." ఆ వెంటే అడిగింది. "మళ్ళీ పైకోర్టుకి పోతాడా మీ బాబాయి? దానికి కూడా గడువుంటదా?"

"ఉంటుంది. నెల రోజులు."

"నెలా? అంటే నాట్లప్పటికి అయిపోద్దా?"

"అయిపోతుంది."

"సరేలే," అని పెట్టేసింది.

ఎలా ఉన్నావని కూడా అడగలేదు. కాశీ బాబాయి కోసం కనుక్కుంటోందని అనుకున్నాను. ఆయనే పక్కన కూర్చుని అడిగించాడేమో. ఆ పూట అన్నం వండలేదు.

కాశీ బాబాయి పైకి వెళ్ళలేదు. పవన్ చెప్పాడు, రచ్చబండ దగ్గర అన్నాడట: 'నేను చేసిన కార్యం తప్పని ఒప్పుకోలా. అది చాలు నాకు. ఇల్లు ఆ అమ్మాయినే తిననీ.'

*

జూలైలో ఒక రోజు, ఆకాశం మూసుకుని చినుకులు పడుతున్న పొద్దుటి పూట, గేటు చప్పుడైంది. పిన్ని. ఒక్కతే. చేతిలో గుడ్డ సంచీ, చంకలో గొడుగు.

"ఒక్కదానివే ఎలా వచ్చావు?"

"ఏముంది, కార్డు చూపిస్తే ఎక్కించుకుంటన్నారుగా. పవన్ నాట్ల దగ్గరున్నాడు. వాడికి చెప్పలా." సంచీ నా చేతికిచ్చింది. ఏరి శుభ్రం చేసిన మినుములు. ఒక్క రాయి లేదు.

నాన్న ఉండగా పెళ్ళిళ్ళకీ, పేరంటాలకీ వచ్చి వెళ్ళడమే కానీ, పని లేకుండా పిన్ని ఈ ఇంటికి రావడం నేను చూడలేదు. కూర్చోమంటే కూర్చోలేదు. హాల్లో నిలబడి గోడలు చూసింది. అమ్మ ఫోటో, నాన్న ఫోటో చూసింది.

"చిన్నప్పుడు నువ్వు ఏ గదిలో పడుకునేదానివి?"

చూపించాను. ఇప్పుడది కీర్తన గది. పిన్ని గుమ్మంలోనే ఆగి, కిటికీ ఎటు ఉందో, మంచం ఎటు ఉండేదో అడిగింది.

"రాత్రులు ఏడ్చేదానివా?"

"గుర్తులేదు పిన్నీ."

"ఏడ్చే ఉంటావులే." వంటింట్లోకి వచ్చి, గుమ్మానికి ఆనుకుని కింద కూర్చుంది. నేను పప్పు పోపు పెడుతున్నాను. నా వీపు వైపు చూస్తూ అడిగింది.

"గడువు అయిపోయిందిగా సత్యా? మొత్తం?"

"అయిపోయింది."

"ఇప్పుడు ఎవరేం చెప్పినా నీ ఇంటికేం కాదుగా?"

"ఏం కాదు."

"గట్టిగా తెలుసా? లాయరమ్మని ఒకసారి అడుగు."

"అడిగాను పిన్నీ. ఏం కాదు."

కాసేపు కొంగు అంచు వేలికి చుట్టుకుంది, విప్పింది.

"ఆరోజు నువ్వు రాకముందే కాశీ వచ్చాడు. 'వదినా, నువ్వివ్వలేదని కోర్టులో ఒక్క ముక్క చెప్పు, అన్నీ నేను చూసుకుంటా' అన్నాడు. రానన్నా. తర్వాత నువ్వొచ్చావు. ఇచ్చానని చెప్పమన్నావు. నీకూ రానన్నా."

నేను స్టవ్ ఆపేశాను.

"పవన్‌ని కని పురుటి గదిలో ఉన్నా. బాలింతను బయటికి రానియ్యరుగా. మా ఆయన వచ్చి, 'నీకు చాకిరీ ఎక్కువైద్ది, పెద్దదాన్ని రెండు నెలలు అన్నయ్యావాళ్ళు తీసుకుపోతారు' అన్నాడు. నిజమే కామోసనుకున్నా. నువ్వు నా పక్కలో పడుకుని వాడి వేళ్ళు లెక్కపెడతన్నావు. కాశీ వచ్చి, 'రామ్మా, బెజవాడ బొమ్మలు కొనిపెడతా' అని ఎత్తుకున్నాడు. నవ్వుకుంటా పోయావు. వసారాలో పీటలేసి కూర్చున్నారంట. ఒళ్ళో పెట్టారంట. అదంతా తర్వాత ఎవరో చెబితే విన్నా. అప్పటికి బస్సు కూడా ఎల్లిపోయింది."

పక్క మేడ మీద నుంచి వాన నీళ్ళు రేకు మీద పడుతున్నాయి.

"నన్నెవరూ అడగలా. కోర్టులో ఆ మాటంటే నీ ఇల్లు పోద్ది. పోనీ నీ కోసం ఇచ్చానందామంటే..." ఆగింది. "అన్నీ అబద్ధాలే చెప్పా ఇన్నేళ్ళూ. బావగారమ్మాయనీ, అక్కయ్య కూతురనీ. ఎవరడిగినా చెప్పా. ఆ ఒక్క మాట మాత్రం చెప్పలేనమ్మా. నేను నిన్ను ఇయ్యలేదు."

చెప్పవలసింది చెప్పేసినట్టు, నేల మీద పడ్డ ఒక మినుపగింజని వేలితో అద్ది తీసి సంచీలో వేసింది.

నేను రెండు కంచాలు కడిగి పెట్టాను. రోజూ అయితే 'పిన్నీ, భోజనానికి రా' అంటాను. ఆ రోజు ఏమని పిలవాలో తోచలేదు. పిలవకుండానే పీట తెచ్చి ఆవిడ ముందు వేసి, అన్నం వడ్డించాను.